రీలు పోయినది, ఖర్చు పోలేదు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో ఇబ్రహీంపట్నము అనగానే ఎవరికైనను మొదట జ్ఞప్తికి వచ్చునది చెరువు. 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా నాటి చెరువది. రాజు పేరే ఊరికిని, ఊరి పేరే చెరువునకును నిలిచిపోయినవి. తరతరములుగా ఈ ప్రాంతపు బ్రదుకు లెక్కలు ఆ చెరువు నీటితో ముడిపడియున్నవి. చెరువు నిండిన యేడు ఇంట శుభకార్యము తలపెట్టుట, నిండని యేడు వాయిదా వేయుట రైతు కుటుంబమునకు అలవాటైన సంగతి.

నేడు ఆ లెక్కలు మారినవి. ఆదిభట్లలో విమానముల భాగములు తయారగుచున్నవి. చుట్టుపట్ల ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. బాట పొడుగున ఫంక్షను హాళ్ళు లేచినవి. మాఘమాసము ప్రవేశించినదన్న, ఆ హాళ్ళ ముంగిట దీపతోరణములు వెలుగును. ఆ పెండ్లిపందిరిలో పురోహితుని తరువాత అందరిచేత మాట వినిపించుకొనువాడు ఒక్కడే కలడు. "జర ఇటు చూడుండ్రి" అని అతడనగానే పెద్దలు, పిన్నలు, వధూవరులు, చివరకు పురోహితుడు సయితము అటు తిరుగుదురు. అతడే ఛాయాగ్రాహకుడు.

అతని మెడలో వ్రేలాడు యంత్రమును చూచి బంధువులలో ఎవరో ఒకరు తప్పక అడుగుదురు: "అన్నా, ఇదెంత పడ్డది?" "రెండు లక్షలు పడ్డది" అని అతడు చెప్పును. అది అబద్ధము కాదు. కాని పూర్తి నిజమును కాదు. కెమేరా వెల వేరు, కెమేరా మార్చుటకగు ఖర్చు వేరు. ఈ రెంటి నడుమ భేదమును గుర్తింపక అప్పుల పాలైన స్టూడియోలు చిన్న పట్టణములలో తక్కువగా లేవు. గుర్తించినవారు నిలద్రొక్కుకొనుచున్నారు. ఈ భేదము తెలిసికొనుటకు గొప్ప అర్థశాస్త్రము అక్కరలేదు. ఎనిమిదవ తరగతి గణితము చాలును.

రీలునాటి లెక్క

ఫిలిము కాలమున స్టూడియో ఖర్చు కంటికి కనబడెడిది. రీలునకు 36 బొమ్మలు. ఒక పెండ్లికి పది రీళ్ళు వాడినచో 360 బొమ్మలు. రీలు వెల, కడుగుటకైన కూలి, కాగితముపై ముద్రించుటకైన కూలి, అన్నియు కలిపి పెండ్లివారి పద్దులో చేరెడివి. ప్రతి నొక్కునకును ఒక వెల యుండుటచేత మీట నొక్కుటకు ముందు ఛాయాగ్రాహకుడు ఒక క్షణమాగి చూచెడివాడు. యంత్రము మాత్రము ఒకమారు కొన్నచో చాలకాలము నిలిచెడిది. యాషికా పెట్టె కెమేరాయో, 1982లో వచ్చిన నైకాన్ ఎఫ్.ఎం.2 వంటి ఉక్కుపిండమో తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన ఇండ్లు ఎన్నియో కలవు.

ఇందులో ఒక సూక్ష్మమున్నది. ఆనాడు బొమ్మ నాణ్యత పెట్టెలో లేదు, రీలులో నున్నది. పెట్టె చేయునది రెండే పనులు: వెలుతురును కొలతగా లోనికి విడుచుట, దానిని సరిగా కేంద్రీకరించుట. వెలుతురును పట్టి నిలుపునది ఫిలిము. మెరుగైన ఫిలిము బజారులోనికి వచ్చినప్పుడు, ఇరువది యేండ్లనాటి పాత పెట్టెలో దానిని వేసినను మెరుగైన బొమ్మయే వచ్చెడిది. 1960లో స్థాపింపబడిన ఉదకమండలపు హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ సంస్థ 'ఇందు' అను పేర నలుపు తెలుపుల ఫిలిము తయారుచేసి విక్రయించిన దినములలో, ఛాయాగ్రాహకుడు నవీనుడగుటకు ఒక క్రొత్త రీలు కొన్న చాలెడిది.

డిజిటల్ కెమేరా ఈ కట్టడినే తలక్రిందులు చేసినది. ఇందు ఫిలిమునకు బదులు సెన్సారు అను సిలికాను పలక కలదు. అది పెట్టెలోనే శాశ్వతముగా బిగింపబడియుండును. పలక పాతబడిన పెట్టెయు పాతబడినట్లే. మెరుగైన పలక కావలెనన్న పెట్టెనంతటిని మార్చవలెను. రీలు పోయినందున ఖర్చు పోయినదని లోకమనుకొన్నది. నిజమునకు ఖర్చు పోలేదు, చోటు మార్చుకొన్నది. పెండ్లి పెండ్లికిని పెండ్లివారు భరించెడి చిన్న ఖర్చు, ఛాయాగ్రాహకుడు ముందుగానే భరింపవలసిన పెద్ద పెట్టుబడిగా మారినది.

దీనదయాళుని నాటి మార్పు

యంత్రము మారుట ఈ వృత్తికి క్రొత్త కాదు. మన నగరమునకు జగత్ప్రఖ్యాతి తెచ్చిన రాజా దీన్‌దయాళ్ 1844లో జన్మించి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగము చేయుచు ఈ కళను నేర్చి, ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. 'ముసవ్విర్ జంగ్' అను బిరుదమును పొందినాడు. ఆయన జీవితకాలములోనే తడి పలక పోయి పొడి పలక వచ్చినది. 1851లో ఇంగ్లండు దేశీయుడు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చరు వెల్లడించిన పద్ధతిలో గాజుపలకకు మందు పూసి, అది ఆరకమునుపే బొమ్మ తీసి, అచ్చటనే కడుగవలెను. అందుకై గుడారము, రసాయనములు, నీళ్ళు, కూలీలు వెంట నడువవలెను. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్సు సూచించిన పొడి పలక ఆ బరువును దించివేసినది.

1905లో మరణించిన ఆ మహాశిల్పి స్టూడియోకు చెందిన 2,857 గాజుపలకలు 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరి నేటికిని చరిత్రకారులకు ఉపకరించుచున్నవి. ఆయన వెనుక నిజాము బొక్కసమున్నది. ఇబ్రహీంపట్నపు ఛాయాగ్రాహకుని వెనుక నున్నది బ్యాంకు వాయిదా. మార్పు ఇద్దరికిని వచ్చినది. మార్పు ఖర్చును భరించువారు వేరు.

ఈ మార్పు వేగమును తేదీలలో చూడవచ్చును. 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ నిర్మించిన మొదటి డిజిటల్ కెమేరా బొమ్మలో నున్నవి 10,000 బిందువులు మాత్రమే. 1999లో వచ్చిన నైకాన్ డి1 లో అవి 27 లక్షలు. 2008లో కానన్ 5డి రెండవ రూపమున 2 కోట్ల 10 లక్షలు. పైగా అది నిండు హెచ్.డి. వీడియోను కూడ తీసినది. 2018లో కానన్, నైకాన్ కంపెనీలు రెండును అద్దము లేని పెద్ద సెన్సారు కెమేరాలను విడుదల చేసినవి. తన ఇంటనే పుట్టిన శిశువును పెంచజాలని కొడాక్ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణను కోరినది. అంతటి సంస్థయే తడబడిన చోట ఒక చిన్న ఊరి స్టూడియో జాగరూకతతో నడువవలసియున్నది.

ఒకటి మార్చిన పది మారును

కెమేరా బాడీని మార్చుట గొలుసులో ఒక లంకెను లాగుట వంటిది. లెన్సును బాడీకి తగిలించు కంఠమునకు 'మౌంటు' అని పేరు. కానన్ కంపెనీ 1987లో ఒకమారు, 2018లో మరియొకమారు ఈ మౌంటును మార్చినది. 1959 నుండి చెక్కుచెదరని నైకాన్ మౌంటును 2018లో మారినది. అద్దము తొలగినందున లెన్సునకును సెన్సారునకును నడుమ దూరము తగ్గినది. కానన్‌లో 44 మిల్లీమీటర్లున్నది 20 అయినది. నడుమ ఒక కడియము బిగించి పాత లెన్సులను వాడుకొనవచ్చును. కాని క్రమముగా క్రొత్త లెన్సులపై మనసు పోవును. పాతవాటి ధర పడిపోవును.

అంతటితో ముగియదు. బొమ్మ పెద్దదైనచో మెమరీ కార్డు పెద్దది కావలెను, వేగముగలది కావలెను. పాత కంప్యూటరు ఆ బొమ్మలను తెరచుటకే ఆయాసపడును. అద్దము లేని కెమేరాలో కంటితెర సయితము విద్యుత్తుతోనే వెలుగుచుండును గనుక అదనపు బ్యాటరీలు కావలెను. "రెండు లక్షలు పడ్డది" అన్న మాటలో ఇవి యేవియు లేవు.

పెద్ద సెన్సారునకు అంత వెల యేల? ఫుల్ ఫ్రేము సెన్సారు కొలత 36 మిల్లీమీటర్లు పొడవు, 24 వెడల్పు. వైశాల్యము 864 చదరపు మిల్లీమీటర్లు. చిన్న తరగతి కెమేరాలలోనిది సుమారు 23.5 పొడవు, 15.6 వెడల్పు, వైశాల్యము 367. వీటిని 300 మిల్లీమీటర్ల వ్యాసముగల గుండ్రని సిలికాను బిళ్ళనుండి కోయుదురనుకొన్నచో, బిళ్ళ వైశాల్యము సుమారు 70,686. భాగించి చూచిన పెద్దవి 81, చిన్నవి 192 వచ్చును. గుండ్రని రొట్టెనుండి చదరపు ముక్కలు కోసినట్లు అంచులన్నియు వృథా. ముక్క పెద్దదైన కొలది వృథా హెచ్చు. ఒక చిన్న లోపము పడినను పెద్ద ముక్కంతయు పనికిరాకపోవును. అయినను పెద్ద సెన్సారు చిన్నదానికంటె రెండింతలకు పైగా వెలుతురును గ్రహించును. రాత్రి ముహూర్తమున, మసక దీపముల క్రింద ఇది ఆడంబరము కాదు, ప్రయోజనమే.

ఒక పద్దు

ఇక లెక్కకు రావచ్చును. ఈ క్రింది అంకెలు ఒక ఉదాహరణ మాత్రమే. ఎవరి పద్దునకు తగినట్లు వారు మార్చుకొనవచ్చును.

ఒక స్టూడియో యజమాని సామగ్రినంతయు మార్చదలచెననుకొనుడు. ప్రధానమైన కెమేరా బాడీ 2,00,000, ఆపద్ధర్మముగా రెండవ బాడీ 1,00,000, లెన్సులు 2,00,000, ఫ్లాషులు, కార్డులు, బ్యాటరీలు 70,000, కంప్యూటరు 1,30,000. మొత్తము 7,00,000 రూపాయలు. రెండవ బాడీ విలాసము కాదు. జీలకఱ్ఱ బెల్లము పెట్టు క్షణమున కెమేరా మొరాయించినచో ఆ క్షణమును మరల తెచ్చియిచ్చుట ఎవరి తరమును కాదు.

ఇందులో 5,00,000 అప్పు. నూటికి 12 వంతున మూడేండ్ల వాయిదాలపై తీసికొన్నచో నెలకు సుమారు 16,600 కట్టవలెను. మొత్తముమీద వడ్డీ 98,000 అగును. నాలుగేండ్ల తరువాత ఈ సామగ్రి 2,20,000కు అమ్ముడుపోయినదన్నచో అరుగుదల 4,80,000. వడ్డీతో కలిపి 5,78,000. ఏడాదికి 40 శుభకార్యముల చొప్పున నాలుగేండ్లకు 160. భాగించిన ఒక్కొక్క కార్యమునకు 3,612 రూపాయల 50 పైసలు. ఏడాదికి 25 మాత్రమే దొరకినచో 100 కార్యములు. అప్పుడు ఒక్కొక్కదానికి 5,780. సహాయకుని కూలి, ఆల్బము ముద్రణ, అద్దె, విద్యుత్తు, తన శ్రమ, ఇవి యేవియు ఇంకను చేరలేదు. ఇది కేవలము యంత్రము తినిన భాగము.

ఈ అంకెను తెలిసికొనకయే ప్రక్కవాడు తగ్గించినాడని ధర తగ్గించువాడు, తెలియకుండ తన కెమేరానే కొంచెము కొంచెముగా అమ్ముకొనుచున్నాడు.

పన్ను విషయము మరియొకటి. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చినప్పుడు డిజిటల్ కెమేరాలపై నూటికి 28 యుండెను. 2019 జనవరినుండి అది 18 అయినది. 7,00,000లో ఈ పన్ను పాలు సుమారు 1,07,000. జి.ఎస్.టి.లో నమోదైన పెద్ద సంస్థ దీనిని తాను చెల్లించవలసిన పన్నులో మినహాయించుకొనవచ్చును. ఏడాదికి 20 లక్షలకు లోపడిన సేవలు చేయు చిన్న స్టూడియోకు నమోదు అక్కరలేదు. కాని నమోదు లేనివానికి ఆ మినహాయింపును లేదు. చిన్నవానికే బరువు హెచ్చు. 2023లో ఆరంభమైన విశ్వకర్మ పథకమున చేర్చిన 18 చేతివృత్తులలో ఛాయాగ్రహణము లేదు. 2015లో ఏర్పడిన ముద్రా ఋణములలో కిశోర్ తరగతి క్రింద 5 లక్షలవరకు అప్పు పొందు దారి మాత్రము కలదు.

అద్దెకు తేరాదా?

ఇబ్రహీంపట్నమునకు ఎంతో దూరము కాని అనాజ్‌పూర్ కడ 1996లో నెలకొనిన రామోజీ ఫిల్మ్ సిటీ కలదు. 2015లో విడుదలైన 'బాహుబలి' చిత్రము చాలవరకు అచ్చటనే, అరి అలెక్సా అను జర్మనీ డిజిటల్ కెమేరాలతో చిత్రింపబడినది. కోట్ల రూపాయలు వెచ్చించు చలనచిత్ర నిర్మాతలు సాధారణముగా కెమేరాలను కొనరు. చిత్రీకరణము జరుగు దినములకు అద్దెకు తెచ్చుకొందురు. యంత్రము పాతబడు నష్టము వారిది కాదు. కోట్లు గలవాడు అద్దెకు తెచ్చుకొనుచుండగా, వేలు గలవాడు అప్పుచేసి కొనుచున్నాడు. ఇది తెలివితక్కువతనమా?

కాదు. దీనికి కారణము పంచాంగము. వరికోత యంత్రమును రైతు కొనడు; అద్దెకు పిలుచును. ఒక ప్రాంతమున పైరు ముందు పండును, మరియొకచోట వెనుక పండును. కాబట్టి ఒకే యంత్రము ఊరూర తిరిగి అందరికిని పనిచేయును. ముహూర్తము అట్టిది కాదు. మంచి లగ్నమనగా ఇబ్రహీంపట్నములోను, యాచారములోను, మంచాలలోను, హైదరాబాదులోను ఒకే రాత్రి. ఆ రాత్రి అందరికిని కెమేరా కావలెను. అద్దెకిచ్చువాని కడ మిగులునది లేదు. తరువాత ఆషాఢము వచ్చును, పుష్యము వచ్చును, గురుశుక్రుల మూఢములు వచ్చును. అప్పుడు ఊరిలోని కెమేరాలన్నియు ఒక్కమారే బీరువాలలో నిదురించును. పెండ్లిండ్లకు మూఢము కలదుగాని బ్యాంకు వాయిదాకు మూఢము లేదు. నెలకు 16,600 కట్టవలసినవాడు శ్రావణమువరకు ఎట్లు నెట్టుకొనివచ్చునన్నదే ఈ వృత్తిలోని అసలు ప్రశ్న.

కాబట్టి నిత్యము కావలసిన బాడీలు, ముఖ్యమైన లెన్సులు సొంతముగా నుంచుకొని, ఏడాదికి నాలుగైదుమార్లు మాత్రమే అక్కరపడు డ్రోను, పెద్ద లెన్సు వంటివి అద్దెకు తెచ్చుకొనుట మేలు. ఇద్దరు ముగ్గురు స్టూడియోలవారు కలిసి కొని, వంతులు వేసికొనుటయు మేలే. శూన్యమాసములలో కళాశాలల వేడుకలు, గృహప్రవేశముల వలె ముహూర్తబలము అంతగా అక్కరలేని దుకాణపు సరకుల చిత్రములు, పాత ఛాయాచిత్రములను బాగుచేయుట వంటి పనులు వెదకుకొన్నవాని కెమేరా బీరువాలో తక్కువగా నిదురించును.

ఎంత చాలును?

క్రొత్త కెమేరా వచ్చినప్పుడెల్ల బిందువుల సంఖ్యను చాటుదురు. నిజముగా ఎన్ని కావలెను? పెండ్లి ఆల్బములో 12 అంగుళముల వెడల్పు, 18 అంగుళముల పొడవుగల పుట నిండ ఒకే బొమ్మ వేసితిమనుకొన్నను, అంగుళమునకు 300 బిందువుల చొప్పున 3,600ను 5,400తో గుణింపగా 1,94,40,000 వచ్చును. అనగా రెండు కోట్లకు లోపే. రెండు కోట్ల నలుబది లక్షల బిందువులుగల కెమేరా దీనికి చాలును. నాలుగున్నర కోట్ల బిందువులుగల యంత్రము కొన్నచో ఆ పుటలో భేదము పెండ్లివారి కంటికి కనబడదు. కనబడునది హార్డ్ డిస్కు ఖర్చులోనే. 4కె వీడియో బొమ్మలో నున్నవి 3,840 పొడవు, 2,160 వెడల్పున 82,94,400 బిందువులు మాత్రమే.

అయితే పాతదానినే పట్టుకొని కూర్చుండుమని దీని అర్థము కాదు. రీలు కాలమున పెండ్లికి 360 బొమ్మలు. ఇప్పుడు 3,000 తీయుట సాధారణము. ఏడాదికి 40 పెండ్లిండ్లన్న 1,20,000. చాల కెమేరాల షట్టరును 1,50,000 నొక్కులకు పరీక్షించినట్లు కంపెనీలు చెప్పును. ఒకే బాడీతో పనిచేసినచో ఏడాది మూడు నెలలకు ఆ గీటు దాటును. దాటిననాడే విరుగునని కాదు. విరిగిన షట్టరును మార్పించుకొనవచ్చును. కాని ఆ గీటు దాటిన యంత్రముపై ముహూర్తమును పణముగా పెట్టరాదు. ఒకే బొమ్మను ఒకేసారి రెండు కార్డులపై వ్రాయు సౌకర్యము లేని కెమేరాను మార్చుటయు న్యాయమే. కార్డు చెడినచో పోవునది ఒక కుటుంబపు జ్ఞాపకము. ప్రక్క స్టూడియోవాడు కొన్నాడన్నది మాత్రము చాలిన కారణము కాదు.

నిలుపుటయు ఖర్చే

పై పద్దులో చేరనిది ఒకటి కలదు. ఒక్కొక్క బొమ్మ 30 మెగాబైట్లన్న 3,000 బొమ్మలకు 90 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె వీడియో గంటకు 45 గిగాబైట్లు. ఆరు గంటలకు 270. పెండ్లికి మొత్తము 360. ఒక ప్రతి చాలదు. రెండు ప్రతులన్న 720. నలుబది పెండ్లిండ్లకు 28,800 గిగాబైట్లు. ఏటేట ఈ కొండ పెరుగును. హార్డ్ డిస్కు శాశ్వతము కాదు. ఉన్నట్టుండి ఒకనాడు పలుకకపోవును. దీన్‌దయాళ్ గాజుపలకను పెట్టెలోనుండి తీసి వెలుతురునకెత్తి పట్టుకొన్న బొమ్మ కనబడును. డిస్కును ఎత్తి పట్టుకొన్న ఏమియు కనబడదు. అందుచే ఎంతకాలము భద్రపరచవలెనో, దానికెంత పుచ్చుకొనవలెనో ముందుగానే పెండ్లివారితో మాటాడుకొనుట ఇరువురకును క్షేమము. పెండ్లివారును తమ ప్రతిని తాము దాచుకొని, ముఖ్యమైన బొమ్మలను కాగితముపై ముద్రింపించుకొనవలెను.

పాఠశాలలో ఉపాధ్యాయుడు శాతములు, వడ్డీలు, వైశాల్యములు బోధించునప్పుడు ఊరిలోని స్టూడియో పద్దును నల్లబల్లపై వ్రాయవచ్చును. ఆ తరగతిలో కూర్చున్న పిల్లలలో ఒకడు రేపు కెమేరా పట్టినచో, దుకాణమునకు పోవుటకు ముందు మూడు మాటలు తన పుస్తకములో వ్రాసికొనును: పాతది ఏ పనిలో తప్పినది, క్రొత్తది ఒక్కొక్క పెండ్లికి ఎంత పడును, ఆషాఢమున వాయిదా ఎట్లు కట్టుదును. ఆ మూడింటికి జవాబు దొరకిననాడు కొనిన కెమేరా అతనికి అన్నము పెట్టును. దొరకకమునుపు కొన్నచో, తన సంపాదనతో అతడే దానికి అన్నము పెట్టవలసివచ్చును.